తక్కువైతే ఎవరితో?

దేశంలో ఓటింగ్ యంత్రాలు తయారుచేసే సంస్థలు రెండే రెండు. ఒకటి బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్. రెండోది మన ఈసీఐఎల్. ఏ.ఎస్. రావు నగర్ వాళ్లకు ఈ రెండోది ఇంటిపక్క సంగతి. కాలనీకి పెట్టుకున్న పేరే ఆ సంస్థకు ప్రాణం పోసిన అయ్యగారి సాంబశివరావుగారిది. 1967లో ఆయన చేతుల మీదుగా మొదలైన ఈసీఐఎల్ 1979లో ఓటింగ్ యంత్రం నమూనా తయారుచేసింది. 1982లో కేరళలోని పరూర్‌లో తొలిసారి యంత్రాల మీద ఓట్లు వేశారు. 2004 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశమంతా యంత్రమే.

అంతకుముందు బ్యాలెట్ పెట్టెలు విప్పి, కాగితాలు కట్టలు కట్టి, రెండు మూడు రోజులు లెక్కపెట్టేవాళ్లు. ఇప్పుడు పొద్దున ఎనిమిదింటికి మొదలుపెడితే మధ్యాహ్నం భోజనాల వేళకు ఎవరి బలం ఎంతో తేలిపోతుంది.

కానీ ఆ యంత్రానికి రాని లెక్క ఒకటుంది. ఎవరికీ సగం దాటకపోతే ఎవరు ఎవరితో కలుస్తారు? ఈ లెక్కకు మీట లేదు. అందుకే ఫలితాలు వచ్చిన సాయంత్రం నుంచి ప్రమాణ స్వీకారం దాకా ప్రతి కాలనీలోనూ ప్రతి ఇంట్లోనూ జ్యోతిష్కులు పుట్టుకొస్తారు. పార్కులో వాకింగ్ బ్యాచ్‌దొక జోస్యం. రాధిక చౌరస్తాలో చాయ్ తాగేవాళ్లది ఇంకొకటి. టీవీ ముందు కూర్చున్న మామగారిది మూడోది. ‘ఆయన వెళ్లడు బాబాయ్, నిన్ననే చెప్పాడుగా’ అని ఒకరు. ‘చెప్పాడు కాబట్టే వెళ్తాడురా’ అని మరొకరు.

ఈ జోస్యాలు తప్పడానికి ఒకటే కారణం. మనం నాయకుల మాటలు వింటాం. వినాల్సింది వాళ్ల మాటలు కాదు, చూడాల్సింది వాళ్ల అవసరాలు. డెబ్భై ఏళ్ల తెలుగువారి అనుభవం వెనక్కి తిప్పి చూస్తే మూడు ప్రశ్నలు కనిపిస్తాయి. పెద్ద పార్టీకి ఎంత తక్కువైంది? చిన్న పార్టీకి సొంత ఊళ్లో శత్రువు ఎవరు? పంచడానికి కుర్చీలు ఎన్ని? ఈ మూడింటికీ జవాబు రాసుకుంటే సగం జోస్యం అయిపోయినట్టే.

మొదటిది, ఎంత తక్కువైంది అన్నది. 1952లో ఉమ్మడి మద్రాసు రాష్ట్ర శాసనసభలో 375 స్థానాలు. కాంగ్రెస్‌కు వచ్చినవి 152. సగం దాటాలంటే 188 కావాలి. కమ్యూనిస్టులు, మరికొన్ని పార్టీలు కలిసి ఐక్య ప్రజాస్వామ్య ఫ్రంట్ కట్టి, ప్రకాశం పంతులుగారిని నాయకుడిగా ఎన్నుకున్నాయి. తమకు 166 మంది ఉన్నారని గవర్నర్‌కు చెప్పాయి. ఫ్రంట్ సంఖ్యే పెద్దది. అయినా గవర్నర్ శ్రీప్రకాశ పిలిచింది అసలు ఎన్నికల్లో నిలబడని రాజాజీని. ఆయన్ను మండలికి నామినేట్ చేశారు. తర్వాత కామన్‌వీల్ పార్టీ నాయకుడు మాణిక్యవేలు నాయకర్‌కు మంత్రి పదవి, కాంగ్రెస్‌కు ఆ పార్టీ మద్దతు. ఫలితాల తర్వాత కూడికలు ఎలా జరుగుతాయో తెలుగువారికి మొదటి పాఠం అదే.

రెండో పాఠం ఇంకా చేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. కాంగ్రెస్ మద్దతుతో ప్రకాశంగారే ముఖ్యమంత్రి. పదమూడు నెలలు తిరిగేసరికి, 1954 నవంబరులో, మద్యనిషేధం మీద రేగిన వివాదంలో అవిశ్వాస తీర్మానం వచ్చింది. ప్రభుత్వం ఒకే ఒక్క ఓటుతో పడిపోయింది. దాంతో అందరికీ బుద్ధొచ్చింది. 1955 ఎన్నికలకు కాంగ్రెస్, రంగాగారి కృషికార్ లోక్ పార్టీ, ప్రజాపార్టీ ముందే చేతులు కలిపాయి. ఎవరు ఎవరితో ఉన్నారో ఓటరుకు ముందే తెలుసు. 196 స్థానాల్లో ఆ కూటమికి 146 వచ్చాయి. బెజవాడ గోపాలరెడ్డిగారు ముఖ్యమంత్రి అయ్యారు. ఫలితాల తర్వాతి పొత్తుకూ, ముందు చేసుకున్న పొత్తుకూ తేడా ఏమిటో మూడేళ్లలోనే మన పెద్దలు చూశారన్నమాట.

లెక్క ఎంత దగ్గరగా ఉంటే చిన్న పార్టీకి అంత విలువ. 1998 మార్చి 28న వాజ్‌పేయి ప్రభుత్వం 274–261తో విశ్వాసం పొందింది. అప్పుడు తెలుగుదేశం సభ్యులు 12 మంది. వాళ్ల ఓట్లు అటు పడి ఉంటే లెక్క తలకిందులయ్యేది. అంటే ప్రభుత్వం లేదు. మరుసటి ఏడాది ఏప్రిల్ 17న అదే వాజ్‌పేయి ప్రభుత్వం 269–270తో కూలింది. ఒక్క ఓటు. ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశంగారికి జరిగిందే నలభై అయిదేళ్ల తర్వాత ఢిల్లీలో జరిగింది.

అదే లెక్క దూరమైతే చిన్న పార్టీ మాట చెల్లదు. 2004లో రాష్ట్రంలో కాంగ్రెస్, టీఆర్ఎస్ పొత్తుగా పోటీ చేశాయి. 294 స్థానాల సభలో కాంగ్రెస్‌కు సొంతంగా 185 వచ్చాయి. టీఆర్ఎస్‌కు 26. అడగకుండానే సగం దాటిన ఇంటికి అల్లుడు ఎంత ముద్దు? టీఆర్ఎస్ మంత్రివర్గంలో చేరింది, 2005 జూలైలో బయటికొచ్చింది. 2006 ఆగస్టులో కేసీఆర్ కేంద్ర మంత్రి పదవి కూడా వదులుకున్నారు. తెలంగాణ మాట తేలలేదన్నది కారణం. వాళ్లు వెళ్లినా రెండుచోట్లా ప్రభుత్వాలకు ఏమీ కాలేదు. ఏరు దాటాక తెప్పతో పనేముంది?

2024 లెక్క ఇంకా తమాషా. బీజేపీకి 240, కూటమికి 293. కావాల్సింది 272. తెలుగుదేశం 16, నితీశ్ కుమార్ పార్టీ 12. జూన్ 4 సాయంత్రం నుంచి దేశమంతా ఒకటే ప్రశ్న, వీళ్లిద్దరూ ఉంటారా జారుకుంటారా అని. కాగితం మీద కూడికలు, తీసివేతలు చేసి చూడండి. తెలుగుదేశం ఒక్కటే వెళ్లిపోతే 277 మిగులుతాయి. నితీశ్ ఒక్కరే వెళ్తే 281. ఇద్దరూ కలిసి వెళ్తేనే 265కు పడుతుంది. అంటే ఏ ఒక్కరి చేతిలోనూ తాళంచెవి లేదు. మర్నాడే ఇద్దరూ మద్దతు లేఖలు ఇచ్చేశారు. టీవీలో రాత్రంతా మేల్కొని చర్చించినవాళ్లు ఈ తీసివేత చేసుకుని ఉంటే హాయిగా నిద్రపోయేవాళ్లు.

ఇక రెండో ప్రశ్న. నా దృష్టిలో అన్నిటికన్నా గట్టిది ఇదే. ఢిల్లీలో ఎవరి పక్కన కూర్చుంటారో తెలియాలంటే, ఊళ్లో ఎవరితో తగాదా ఉందో చూడాలి.

తెలుగుదేశం పుట్టింది కాంగ్రెస్ మీద కోపంతో. రాష్ట్రంలో పోటీ ఆ రెంటికే. 1996లో యునైటెడ్ ఫ్రంట్ ప్రభుత్వానికి కాంగ్రెస్ బయటినుంచి మద్దతిచ్చినప్పుడు చంద్రబాబునాయుడు ఆ ఫ్రంట్ కన్వీనర్‌గా సర్దుకున్నారు. ఎందుకంటే కుర్చీలో కాంగ్రెస్ లేదు. 1998కి వచ్చేసరికి ఢిల్లీలో బీజేపీ ప్రభుత్వం లేదా కాంగ్రెస్ కలిసిన ప్రభుత్వం, ఈ రెండే దారులు. ఊళ్లో కొట్లాడే పార్టీని ఢిల్లీలో గద్దెనెక్కించి ఇంటికెలా వస్తారు? తెలుగుదేశం ఓట్లు వాజ్‌పేయి వైపు పడ్డాయి. అప్పటిదాకా యునైటెడ్ ఫ్రంట్‌లో తోటివారైన వామపక్షాలు ఎంత తిట్టినా ఆ లెక్క మారలేదు.

2004లో వామపక్షాల సంగతి చూడండి. కేరళలో 20 సీట్లలో కాంగ్రెస్‌కు ఒక్కటీ దక్కలేదు. అక్కడ గెలిచింది ఎక్కువగా వామపక్షాలే. అయినా ఢిల్లీలో బీజేపీ రాకూడదు కాబట్టి మన్మోహన్ సింగ్ ప్రభుత్వానికి మద్దతిచ్చారు. దాదాపు 60 మంది సభ్యులుండీ ఒక్క మంత్రి పదవీ తీసుకోలేదు. ‘బయటినుంచి మద్దతు’ అన్నది ఇలాంటి ఇరకాటానికి దొరికిన మాట. ఊళ్లో ఓటరు ముందు తలెత్తుకోవాలి, ఢిల్లీలో పనీ జరగాలి. అణు ఒప్పందం దగ్గర తేడా వచ్చాక 2008 జూలైలో ఆ మద్దతూ పోయింది.

‘మరి 2018లో తెలుగుదేశం, కాంగ్రెస్ కలిశాయి కదా మాస్టారూ, మీ సూత్రం తప్పింది కదా’ అని మీరు అడగొచ్చు. తప్పలేదు. 2014లో ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175 స్థానాలకు కాంగ్రెస్‌కు వచ్చింది సున్నా. శత్రువు ఊళ్లో లేకుండా పోయాక శత్రుత్వం ఎక్కడిది? అప్పటికి అక్కడ తగాదా వైఎస్సార్ కాంగ్రెస్‌తో. తెలంగాణలో చూస్తే ఇద్దరికీ ఉమ్మడి ప్రత్యర్థి టీఆర్ఎస్. అందుకే ప్రజాకూటమి పుట్టింది. ముప్ఫయి ఆరేళ్ల వైరం మాయం కావడం చూసి అందరూ ముక్కున వేలేసుకున్నారు గానీ, ఊళ్లో శత్రువు మారితే ఢిల్లీలో చుట్టం మారతాడు. అంతే.

2009 మే 10 కూడా గుర్తుంచుకోదగ్గ రోజు. ఎన్నికల్లో తెలుగుదేశం, టీఆర్ఎస్, సీపీఐ, సీపీఎం కలిసి మహాకూటమి. ఓట్లు పెట్టెల్లో, అదే మన యంత్రాల్లో, భద్రంగా ఉన్నాయి. లెక్కింపు 16న. ఆరు రోజుల ముందే కేసీఆర్ లూధియానాలో ఎన్డీఏ సభా వేదికెక్కారు. మహాకూటమి మిత్రులు నోరెళ్లబెట్టారు. ఆలూ లేదు చూలూ లేదు అన్నట్టు అప్పటికే రాష్ట్రంలో హంగ్ వస్తే చిరంజీవి ప్రజారాజ్యం ఎటు, మజ్లిస్ ఎటు అని లెక్కలు. తీరా చూస్తే రాష్ట్రంలో కాంగ్రెస్‌కు సొంతంగా 156. ఢిల్లీలో టీఆర్ఎస్‌కు 2. ఏ జోస్యమూ అక్కరకు రాలేదు. రెండేళ్లలో ప్రజారాజ్యమే కాంగ్రెస్‌లో కలిసిపోయింది.

మూడో ప్రశ్న కుర్చీలది. ఒకప్పుడు కుర్చీలు ఎన్నయినా వేసుకునేవాళ్లు. వచ్చిన ప్రతి పార్టీకీ నాలుగేసి. 2003లో రాజ్యాంగానికి 91వ సవరణ తెచ్చి, సభ సంఖ్యలో 15 శాతానికి మించి మంత్రులు ఉండకూడదన్నారు. అంటే 119 స్థానాల తెలంగాణలో ముఖ్యమంత్రితో కలిపి 18, 175 స్థానాల ఆంధ్రప్రదేశ్‌లో 26. ఇక ఎవరిని చేర్చుకున్నా సొంతవాళ్ల కుర్చీ తీసి ఇవ్వాల్సిందే. 2024 జూన్‌లో విజయవాడ దగ్గర కేసరపల్లిలో చంద్రబాబు మంత్రివర్గం ప్రమాణం చేసినప్పుడు ఆయనతో పాటు 24 మంది. అందులో జనసేనకు మూడు, బీజేపీకి ఒకటి. సొంతంగా 135 స్థానాలున్న పార్టీ నాలుగు కుర్చీలు వదులుకుంది. పొత్తు ఎన్నికల ముందు కుదిరింది కాబట్టి మాట నిలబెట్టుకోక తప్పదు.

అన్నట్టు, మంత్రి పదవి కాని కుర్చీ ఒకటుంది. స్పీకర్ పదవి. 1998లో మంత్రివర్గంలో చేరకుండానే తెలుగుదేశం జి.ఎం.సి. బాలయోగిగారిని లోక్‌సభ స్పీకర్ చేసుకుంది. చిన్న కుర్చీయే కదా అనుకోవద్దు. ఒడిశా ముఖ్యమంత్రి అయ్యాక కూడా ఎంపీ పదవికి రాజీనామా చేయని గిరిధర్ గమాంగ్ ఓటు వేయొచ్చా అన్నది ఆ 1999 ఏప్రిల్‌లో స్పీకర్ ముందుకొచ్చింది. ఆయన మనస్సాక్షికే వదిలేశారు బాలయోగి. గమాంగ్ ఓటేశారు. ప్రభుత్వం ఒక్క ఓటుతో పోయింది.

ఇదంతా ఢిల్లీ సంగతి, మనకెందుకు అనుకుంటున్నారా? మన గడప దాకా వచ్చిన కథ కూడా ఉంది.

2020 డిసెంబరు 1న గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికలు. తమాషా చూడండి, కరోనా కారణంగా ఆ ఎన్నిక కాగితం బ్యాలెట్‌తో జరిపారు. యంత్రాలు పుట్టిన ఈసీఐఎల్ పక్కన కూడా బ్యాలెట్ పెట్టెలే. 150 డివిజన్లలో టీఆర్ఎస్‌కు 56, బీజేపీకి 48, మజ్లిస్‌కు 44, కాంగ్రెస్‌కు రెండంటే రెండు. ఆ రెండింటిలో ఒకటి ఏ.ఎస్. రావు నగర్, రెండోది ఉప్పల్.

ఇప్పుడు మన మూడు ప్రశ్నలు వేయండి. సగానికి 76 కావాలి. టీఆర్ఎస్‌కు ఎంత తక్కువ? ఎక్స్‌అఫీషియోగా ఓటుండే ఎమ్మెల్యేలు, ఎంపీలను కలుపుకుంటే పెద్దగా ఏమీ లేదు. మజ్లిస్‌కు నగరంలో ప్రధాన ప్రత్యర్థి ఎవరు? బీజేపీ. ప్రచారంలో టీఆర్ఎస్, మజ్లిస్ ఒకదాన్నొకటి ఎంత దుమ్మెత్తి పోసుకున్నా, మాకు పొత్తు లేదని ఎన్నిసార్లు చెప్పినా, జవాబు ముందే రాసి ఉంది. 2021 ఫిబ్రవరి 11న మేయర్ ఎన్నికలో మజ్లిస్ చేతులు టీఆర్ఎస్ అభ్యర్థికి లేచాయి. 2009లో కూడా ఇదే సభలో కాంగ్రెస్ 52, తెలుగుదేశం 45, మజ్లిస్ 43 వస్తే, కాంగ్రెస్, మజ్లిస్ మేయర్ పదవిని వంతులేసుకున్నాయి. ముందు బండ కార్తీకరెడ్డి, తర్వాత 2012లో మాజిద్ హుస్సేన్. ఇంకో ముక్క. 2021లో టీఆర్ఎస్ నుంచి ఎన్నికైన మేయరే 2024 మార్చిలో కాంగ్రెస్‌లో చేరారు. ఇద్దరు కార్పొరేటర్లతో మొదలైన పార్టీకి మూడేళ్లు తిరిగేసరికి మేయర్ దొరికారు.

జోస్యం చెప్పడం ఎలాగో తెలిసింది కదా, ఇక సరదాగా పందేలు కాసుకోవచ్చు అనుకునేరు. అసలు బాధ ఇక్కడే మొదలవుతుంది.

మన ఉప్పల్ ఓటరునే తీసుకోండి. 2014లో ఆయన తెలుగుదేశం అభిమాని అయితే, పొత్తులో సీటు బీజేపీకి పోయింది కాబట్టి కమలం మీట నొక్కాలి. 2018లో కాంగ్రెస్ అభిమాని అయితే, సీటు తెలుగుదేశానికి పోయింది కాబట్టి సైకిల్ మీట నొక్కాలి. కష్టమే. చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. అయినా అందులో మోసం లేదు. ఎవరితో కలిశామో ముందే చెప్పారు. ఇష్టమైతే నొక్కుతాడు, లేకపోతే లేదు.

మల్కాజిగిరి లోక్‌సభ ఓటరు సంగతి వేరు. 2014లో తెలుగుదేశం తెలంగాణ మొత్తం మీద గెలిచిన ఒకే ఒక్క లోక్‌సభ స్థానం మల్కాజిగిరి. పొత్తు బీజేపీతో, పోటీ టీఆర్ఎస్ మీద. ఆ గెలిచిన మల్లారెడ్డిగారు 2016లో టీఆర్ఎస్‌లో చేరారు. ఓటరు నొక్కిన మీట ఒకటి, వెలిగిన దీపం ఇంకొకటి. అందులో ఓటరు చేతిలో ఏముంది?

ఫలితాల ముందు పొత్తు, ఫలితాల తర్వాతి పొత్తు ఒకటి కావని పెద్దలు కూడా చెప్పారు. కేంద్ర, రాష్ట్ర సంబంధాలను పరిశీలించిన సర్కారియా కమిషన్ 1988లో ఇచ్చిన నివేదికలో గవర్నర్లకు ఒక వరస సూచించింది. మెజారిటీ ఎవరికీ రానప్పుడు ముందు పిలవాల్సింది ఎన్నికల ముందే పొత్తు పెట్టుకున్న కూటమిని. తర్వాత ఇతరుల మద్దతుతో అతి పెద్ద పార్టీని. ఆ తర్వాత ఫలితాల తర్వాత కలిసి, అందరూ ప్రభుత్వంలో చేరే కూటమిని. ఆఖరున, కొందరు చేరి, కొందరు బయటినుంచి మద్దతిచ్చేవాళ్లను. ఓటరుకు ఎంత ముందు చెబితే అంత ముందు వరస. బలం ఎంతుందో తేల్చాల్సింది రాజ్‌భవన్‌లో కాదు, సభలోనే అని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

అయితే పార్టీలు ఎందుకు ముందే చెప్పవు? చెబితే నష్టం కాబట్టి. ‘తక్కువైతే ఫలానా వాళ్లతో వెళ్తాం’ అంటే ఆ ఫలానా వాళ్లంటే గిట్టని ఓట్లు పోతాయి. ‘ఎవరితోనూ వెళ్లం’ అంటే రేపు చేతులు కట్టేసుకున్నట్టు. అందుకే అందరి జవాబూ ఒకటే: ‘మాకు సంపూర్ణ మెజారిటీ ఖాయం, ఆ ప్రశ్నే రాదు.’ యాభై స్థానాల్లో పోటీ చేసే పార్టీ కూడా ఇదే మాట చెబుతుంది.

ఆ ప్రశ్న వస్తుంది. 1952 నుంచి వస్తూనే ఉంది. మనమే అడగడం లేదు. అభ్యర్థి మన వీధికి వచ్చినప్పుడు డ్రైనేజీ గురించి అడుగుతాం, మంజీరా నీళ్ల గురించి అడుగుతాం, పార్కు గోడ గురించి అడుగుతాం. అన్నీ అడగాల్సినవే. వాటితో పాటు ఇంకొక్కటి కలపండి. ‘నాయనా, మీకు తక్కువైతే ఎవరితో వెళ్తారు? ఎవరితో మాత్రం చచ్చినా వెళ్లరు?’ తడుముకుంటాడు. నవ్వి తప్పించుకుంటాడు. పక్కనున్నవాళ్లు జిందాబాద్ అని గోల చేస్తారు. ఫర్వాలేదు. పది ఇళ్లలో ఇదే ప్రశ్న వినబడితే పదకొండో ఇంటికి జవాబు సిద్ధం చేసుకుని వస్తాడు.

ఆ జవాబు సెల్‌ఫోన్‌లో రికార్డు చేసి ఉంచుకోండి. ఫలితాల సాయంత్రం జోస్యం చెప్పుకోవడానికి కాదు, అయిదేళ్ల తర్వాత ఆయన మళ్లీ వచ్చినప్పుడు గుమ్మంలో నిలబెట్టి వినిపించడానికి.